తమ్ముడు తిట్టడం మానేశాక

గుండెపోటు వచ్చి బతికినవాడికి మొదట పోయేది ఉప్పు. ఆ తర్వాత పోయేది మాట. ఉప్పు సంగతి డాక్టరు ముందే చెప్తాడు, మాట సంగతి ఎవరూ చెప్పరు.

మాట పోవడమంటే నా నోరు పడిపోయిందని కాదు. నా నోరు బాగానే ఉంది, మా ఇంట్లో అడిగితే కాస్త ఎక్కువే బాగుందంటారు. నాకు ఎదురు చెప్పేవాళ్లు లేకుండా పోయారు, అంతే. నేను ఏమన్నా అందరూ అవునంటారు. ఎండ మండిపోతోందంటే అవునంటారు. కాసేపాగి, ఏం ఎండలే, చల్లగానే ఉందంటే అదీ అవునంటారు. ఎన్నాళ్లు ఇట్లా అవునంటారో చూద్దామని నాకూ పంతం పట్టింది. వాళ్లే గెలిచారు, నాకు అలుపొచ్చింది.

దీనికంతటికీ మూలం డాక్టరు అన్న ఒక మాట. బళ్లారిలో కంటోన్మెంట్ వైపున్న ఒక ఆస్పత్రిలో నాకు స్టెంటు వేశారు. ఇంటికి పంపే రోజు ఆయన నా భార్యను పిలిచి, వచ్చీరాని తెలుగులో కొంచెం కన్నడం కలిపి, "వీరికి టెన్షన్ కొడబేడి అమ్మా. టెన్షన్ ఇయ్యకండి. మనసు ఆరాముగా ఉండల్ల" అన్నాడు. రోజూ పదిమందికి చెప్పే మాటే కాబట్టి తేలిగ్గా చెప్పేశాడు. ఆ మాట నాకంటే ముందు ఆస్పత్రి మెట్లు దిగింది. మేము సత్యనారాయణపేటలో ఇంటికి చేరేలోపే చుట్టాలందరికీ చేరిపోయింది.

ఇక పలకరింపులు మొదలయ్యాయి. మా వైపు జబ్బు మనిషిని చూడటానికి వట్టి చేతులతో రారు. బ్రెడ్డు, యాపిల్ పండ్లు, కొబ్బరి బొండాలు మోసుకొస్తారు. వచ్చి కుర్చీ అంచున కూర్చుని గొంతు తగ్గిస్తారు. "ఏమీ కాదులేప్పా, ఈ కాలంలో ఇది జ్వరమొచ్చినట్లే" అంటారు. అలా అన్న నోటితోనే, ఇట్లాగే బాగైపోయి ఇంటికొచ్చి నెల తిరక్కుండా పోయిన ఒకాయన కథ మొదలుపెడతారు. నా భార్య కళ్లెర్రజేస్తే, "ఆయప్పది వేరే సంగతిలే" అని సగంలో ఆపేస్తారు. ఒకరు తెల్లమద్ది చెక్క కషాయం తాగమంటారు, ఇంకొకరు పాలలో వెల్లుల్లి వేసుకోమంటారు. అందరికీ తల ఊపాను.

మనుషులు రావడం మంచిదే. రాకపోయుంటే ఇంకా బాధపడేవాణ్ణేమో. కానీ వాళ్లు నన్ను చూసిపోవడానికి వచ్చారు గానీ నాతో మాట్లాడటానికి రాలేదు. ఆ తేడా ఆ మంచం మీద కూర్చున్నవాడికే తెలుస్తుంది. సాయంత్రానికి నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టేవి, తల ఊపీ ఊపీ మెడ కూడా.

పొద్దున్నే బజ్జీల బండి దగ్గర కలిసే స్నేహితులు ఉండేవాళ్లు నాకు. వేడివేడి బొరుగుల ఉగ్గాణి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టుకుని మేము అరుచుకునేవాళ్లం. డ్యాములో నీళ్ల గురించి, ఎలక్షన్ల గురించి, గనుల కాలంలో లారీలు కొన్నవాడు తెలివైనవాడా, అమ్ముకున్నవాడు తెలివైనవాడా అని. నేను లారీలు నడిపి, చివరికి అమ్ముకున్నవాణ్ణి. ఆ వాదనలో నన్ను ఓడించకుండా ఇంటికి పోయేవాళ్లు కారు వాళ్లు. నడవడానికి ఓపిక వచ్చాక ఒక పొద్దున అక్కడికి వెళ్లాను. నన్ను చూడగానే బజ్జీల పళ్లెం బండి వెనక్కి పోయింది. నేనే కదిపాను, ఈసారి ఎలక్షన్లో ఎవరొస్తారంటావు అని. "ఎవరొస్తే మనకేంలేప్పా, నువ్వు సుమ్నే, ఊరికే కూర్చో" అన్నాడు, అంతకాలం నా మీద అరిచినవాడు. మజ్జిగ తెప్పించి చేతికిచ్చారు. తాగి వచ్చేశాను. మళ్లీ పోలేదు, వాళ్లూ రమ్మనలేదు. నూనె వాసనకు నాకు ఆశ పుడుతుందని పిలవలేదట.

ఇంట్లో ఇంకా కష్టం. పెళ్లయినప్పటి నుంచి మా ఇంట్లో టీవీ కన్నా నా భార్య గొంతే పెద్దది. తువ్వాలు మంచం మీద వేసినా, కొళాయి కట్టేయకుండా వదిలినా వీధి చివరి వరకూ తెలిసేది. ఇప్పుడు ఆమె నోట 'సరే' తప్ప రాదు. మోటారు కాలిపోతే నాకు చెప్పకుండా బాగుచేయించింది. తారానగర్‌లో వాళ్లక్కకు కాలు విరిగితే, అక్కడ పూజ ఉందని చెప్పి పోయి చూసి వచ్చింది. తనకేం జబ్బు లేకపోయినా నాతో పాటు ఉప్పు లేని కూరే తింటుంది. వద్దంటే సరే అంటుంది, మళ్లీ అదే తింటుంది. నేను నిద్రపోయానని అనుకున్నాక నా ఛాతీ మీద చెయ్యి వేసి చూస్తుంది. మెలకువగా ఉన్నట్టు నేను తెలియనివ్వను. ఆమె మొహం పీక్కుపోయింది. ఆ మాట అడిగితే, "నీకెందుకు అవన్నీ, టెన్షన్ తీసుకోవద్దు" అంటుంది.

ఇవన్నీ ఎట్లాగో ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది నా తమ్ముడి విషయం.

మా ఇద్దరికీ కాలువ కింద పక్కపక్కనే భూమి ఉంది. నాన్న పోయాక పంచుకున్నాం. పిల్ల కాలువ ముందు నా మడికి వచ్చి, తర్వాత వాడి మడికి పోతుంది. వాడు ఊళ్లోనే ఉంటాడు, ఆ సేద్యమే వాడి బతుకు. నేను బళ్లారి నుంచి బస్సులో పోయి వస్తూ మనిషిని పెట్టి చేయిస్తాను. వారానికి ఒక దినం నీళ్లు మావి. పొద్దున వాడి వంతు, మధ్యాహ్నం నుంచి నాది. గట్టుకు గండి తీసి మడిలోకి నీళ్లు మళ్లించే చోటును మేము మడవ అంటాం. ఆ మడవ ముందే తీశావని వాడు, నీళ్లు ఆలస్యంగా వదిలావని నేను, మా తలలు నెరిసేదాకా కొట్లాడుతూనే వచ్చాం. పక్క మళ్లవాళ్లు మా అరుపులు విని పొద్దెంతయిందో చెప్పేవాళ్లు.

"నువ్వు సస్తేగానీ నా మడికి నీళ్లు సక్కగా పారవు" అనేది వాడి ఊతమాట. నిన్ను సాగనంపి గానీ నేను పోనులే అనేది నా జవాబు. అయిపోయాక మా మరదలు పంపిన క్యారియర్ విప్పి ఇద్దరం గట్టు మీదే తినేవాళ్లం. నిజం చెప్పాలంటే మాకు వేరే మాటలు రావు. మంచీ చెడూ అన్నీ ఆ తిట్లలోనే కలిపి చెప్పుకునేవాళ్లం. "మోకాలు నొప్పి అంటివే, నీళ్ల దొంగతనానికి మాత్రం బిరబిరా వస్తాండావు" అని వాడంటే, నా మోకాలు ఎట్లా ఉందని అడిగినట్టు. అది మా ఇద్దరికే అర్థమవుతుంది.

గుండెపోటు రావడానికి ముందు రోజు కూడా అట్లాంటి గొడవే జరిగింది. పొద్దు పోయేదాకా అరుచుకుని నేను బస్సెక్కాను. తెల్లవారి టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పుడు ఎడమ చెయ్యి లాగింది, దవడ లాగింది, ఒళ్లంతా చెమట పట్టింది. నా భార్య ఫోన్ చేస్తే వాడు ఊళ్లోంచి బండి మీద వచ్చాడు. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వరండాలో బెంచీ మీదనే ఉన్నాడట. నా మంచం దగ్గరికి మాత్రం రాలేదు. తలుపు దగ్గర నిలబడి, నా కాళ్ల వైపు చూసి పోయేవాడు.

ఇంటికి వచ్చాక ఎన్నిసార్లు ఫోన్ చేసినా "బాగుండావా అన్నా", "సరే అన్నా", "పెడతా అన్నా". అంతే. ఒకరోజు ఉండబట్టలేక, "నీ గట్టు నా మడిలోకి జరిగిందిరా, మా మనిషి చెప్పినాడు" అన్నాను. అది పచ్చి అబద్ధం. గట్టు నాన్న కాలం నుంచి అక్కడే ఉంది. ఇంతకుముందైతే ఆ మాటకు వాడు బళ్లారి దాకా వచ్చి మా వాకిట్లో నిలబడి తిట్టేవాడు. ఇప్పుడు, "అట్లనా అన్నా? జరుపుతాలే" అన్నాడు. రెండు దినాలకు మా మనిషి ఫోన్ చేసి, మీ తమ్ముడు గట్టు తవ్వి తన మడిలోకి జరుపుకుంటున్నాడని చెప్పాడు. తమ్ముడు నన్ను చచ్చినవాళ్ల లెక్కలో వేసేశాడని అనిపించింది. చచ్చినవాడితోనే గట్టు తగాదా ఉండదు.

ఆ నెల చెకప్‌కు పోయినప్పుడు డాక్టరు ఈసీజీ చూసి, గుండె బాగుంది, మనసు ఎట్లుంది అని అడిగాడు. చెప్పడానికి మొదట సిగ్గేసింది. నా భార్య మందుల కోసం కిందికి పోయి ఉంది కాబట్టి చెప్పాను. నిద్ర పట్టడం లేదు, ఎక్కడికీ పోబుద్ధి కావడం లేదు, మాత్రలు వేసుకుని మాత్రం ఏం లాభం అనిపిస్తోంది అని. ఆయన తేలిగ్గా తీసుకోలేదు. "చానా మందికి ఇట్లా అవుతుంది. ఇదీ ఈ జబ్బులో భాగమే, దాచుకోకూడదు. తగ్గకపోతే దీనికీ డాక్టర్లు ఉన్నారు, పంపిస్తాను. నలుగురితో మాట్లాడండి" అన్నాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను సార్, వాళ్లే మాట్లాడటం లేదన్నాను. అసలు నాకు ఇది ఎందుకొచ్చిందని కూడా అడిగాను. కాగితం మీద రక్తనాళం బొమ్మ గీసి చూపించాడు. లోపల కొవ్వు ఏళ్ల తరబడి పేరుకుంటూ వచ్చిందట, లారీల కాలంలో నేను కాల్చిన సిగరెట్లు, పట్టించుకోని షుగరు అన్నీ కలిసి. అన్నీ విని, మాత్రలు తీసుకుని వచ్చేశాను.

నలుగురితో మాట్లాడటం సంగతి తర్వాత, ముందు ఒక్కడు నాతో మాట్లాడాలి. ఫోన్లో కాలేదు కాబట్టి చేత్తోనే కదిపి చూద్దామనుకున్నాను. కంటోన్మెంట్ వైపు వాకింగ్‌కు పోతున్నానని చెప్పి బస్సెక్కాను. నీళ్ల దినం అది. పొద్దున వాడి వంతు నడుస్తుండగా మా మనిషితో నా మడవ తీయించాను. నీళ్లు నా మడిలోకి తిరిగాయి. మా ఇద్దరి జీవితంలో దీనికి మించిన నేరం లేదు. గట్టు మీద కూర్చుని వాడి కోసం ఎదురు చూశాను.

వాడు వచ్చాడు. తీసి ఉన్న మడవ చూశాడు, నన్ను చూశాడు. "ఎండలో కూర్చోవద్దన్నా" అన్నాడు. "పారనీలే. నీ మడి తడిసినాక నేను కట్టుకుంటా" అని బండి తిప్పుకుని పోయాడు.

మరుసటి వారం మళ్లీ అట్లాగే చేశాను. పంతంతో చేశానో, ఆశతో చేశానో నాకే తెలియదు. ఈసారి వాడు దగ్గరికి కూడా రాలేదు. దూరంగా తూము దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి వారానికి కాలువలో నీళ్లు తగ్గాయి. తూము నుంచి సన్నగా వస్తున్నాయి. మా మనిషి ఈసారి నేను చెప్పకుండానే మడవ తీసిపెట్టి ఎరువు తేవడానికి ఊళ్లోకి పోయాడు. నేను గట్టు మీద నడుచుకుంటూ తమ్ముడి మడి చివరి దాకా పోయాను. వరి పొట్ట మీద ఉంది. ఆ అదనులో నీళ్లు అందకపోతే గింజ తాలుపోతుంది. అక్కడ నేల నెర్రెలిచ్చి ఉంది, ఆకుల కొసలు ఎర్రబారి ఉన్నాయి. వాడి చేత తిట్టించుకుందామని మొదలుపెట్టిన పని వాడి ఇంటి తిండిని ఎండబెడుతోంది. అయినా వాడు ఒక్క మాట అనలేదు.

ఇక చాలు, వాడు మాట్లాడినా మాట్లాడకపోయినా సరే అనుకున్నాను. వెనక్కి వచ్చి, గట్టున ఉన్న పార తీసుకుని నా మడవ నేనే కట్టడం మొదలుపెట్టాను. బరువు ఎత్తొద్దని నాకు పదేపదే చెప్పారు, పార సంగతి చెప్పనే అక్కర్లేదు. కాస్త మట్టి వేశానో లేదో ఆయాసం వచ్చింది. పార పట్టుకునే బురదలో కూలబడ్డాను.

అప్పుడే బండి మీద వస్తూ అది చూశాడు వాడు. బండికి స్టాండు కూడా వేయకుండా పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"పార ఎవరు పట్టుకోమన్నారు నిన్ను? ఆఁ? ఎవరు పట్టుకోమన్నారు?" అని నా చేతిలోంచి లాక్కుని అవతల పారేశాడు. "గుండెలో స్ప్రింగు ఏసుకుని వచ్చి ఈడ మట్టి తవ్వుతాండావా? బుద్ధి ఉండాదా నీకు? వదినె నువ్వు వాకింగ్ పోయినావనుకుంటాది ఆడ! నీళ్లు కావల్నంటే అడిగితే నేను వద్దంటినా? పోయిన వారం తీసుకుంటివి, ఆ ముందు వారం తీసుకుంటివి. చూడు నా మడి, ఎట్ల నెర్రెలిచ్చిందో చూడు! గట్టు జరపమంటివి, జరిపితి. అది నాయన పెట్టిన గట్టు, నీకు తెలీదా? తెలిసీ జరపమంటివి! ఇంకేం కావల్ల నీకు? ఈడనే సావల్లనుకుంటాండావా..."

ఆ మాట దగ్గర ఆగిపోయాడు. చేత్తో నోరు మూసుకున్నాడు.

ఇన్ని నెలల తర్వాత ఒక మనిషి నన్ను తిట్టాడు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆయాసం ఆయాసంగానే ఉంది, అయినా నవ్వొచ్చింది. నవ్వబోయి వాడి మొహం చూసి ఊరుకున్నాను. వాడు నా ఎదురుగా బురదలోనే కూర్చున్నాడు.

"నేనే అంటి గదన్నా" అన్నాడు. "ఆ పొద్దు. నువ్వు సస్తేగానీ నీళ్లు పారవని. తెల్లారేతలికి వదినె ఫోన్ చేసె."

"నువ్వు ఎప్పుడూ అనేదే గదరా అది."

"ఎప్పుడూ అంటాంటి. ఆ పొద్దు తగిలింది."

వాడు వరండా బెంచీ మీద ఎందుకు కూర్చున్నాడో, తలుపు దాటి ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. నన్ను చూడటానికి అంతమంది వచ్చారు, ఇంట్లో యాపిల్ పండ్లు కుళ్లిపోయేంత మంది. వాడిని చూడటానికి ఒక్కరూ పోలేదు. వాడికీ నిద్ర లేదని, వాడి ఛాతీలోనూ ఒక బరువుందని ఆ మొహం చూస్తే ఎవరికైనా తెలిసేది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

"ఒరే," అన్నాను. "ఈ పిల్ల కాలువలో ఒండ్రు ఒక్క రాత్రిలో పూడుతాదా?"

"యాడ పూడుతాది? ఏండ్లు పడుతాది."

"నా గుండెలోనూ అంతే అంట. డాక్టరు బొమ్మ గీసి చూపించినాడు. సిగరెట్లు, షుగరు, అంతా చేరి చేరి పూడింది అంట. నీ మాటకు అంత బలముంటే నేను ఎప్పుడో పోయుండల్ల గదరా. ఎన్నిసార్లు అన్లేదు నువ్వు?"

వాడు తలెత్తాడు. "డాక్టరే అన్న్యాడా?"

"డాక్టరే."

"నాకు బేజారు గాకూడదని నువ్వు చెప్తాండేది కాదు గదా?"

"నీకు బేజారైతే నాకేంది? డాక్టరే చెప్పినాడు."

మళ్లీ అడిగాడు, నిజంగా డాక్టరే అన్నాడా అని. మళ్లీ చెప్పాను. ఉప్పు వెయ్యకూడదని వాడికి చెప్పారు, మెట్లు ఎక్కించకూడదని చెప్పారు, కోపం తెప్పించకూడదని చెప్పారు. ఈ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. వాడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకంటే చిన్నవాడు, వాడి మీసాలూ తెల్లబడ్డాయి. ఏం చెయ్యాలో తెలియక వాడి వీపు మీద చెయ్యి వేశాను. మేము అట్లా ఒకరినొకరు ముట్టుకుని ఎన్నాళ్లయిందో గుర్తులేదు.

తర్వాత వాడు ముక్కు చీది లేచాడు. పార తీసుకుని, నేను సగం కట్టిన మడవను పూర్తిగా కట్టి, నీళ్లు తన మడి వైపు తిప్పాడు. నన్ను లేవదీసి చెట్టు నీడకు తెచ్చి కూర్చోబెట్టాడు. వదినెకు ఏం చెప్తావని నన్నే అడిగి, వాడే ఫోన్ చేసి నేను పొలం దగ్గర ఉన్నానని చెప్పేశాడు. అవతల ఆమె అరుస్తున్నది ఫోన్లోంచి బయటికి వినబడింది. ఆమె గొంతు అంత పెద్దగా విని నాకూ చాలా రోజులైంది.

ఫోన్ జేబులో పెట్టుకుని వాడు పొద్దు వైపు చూశాడు.

"నీ వంతు మధ్యాన్నం నుంచి" అన్నాడు. "అంతవరకు ఆ మడవ ముట్టినావంటే..."

అక్కడ వాడికి మాట దొరకలేదు. ఎప్పుడూ అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. దాని బదులు ఇంకోటి వెతుక్కుంటూ పార మీద ఆనుకుని నిలబడ్డాడు.

"కాళ్లు ఇరగ్గొడతా" అన్నాడు చివరికి.

"సరేప్పా" అన్నాను.

వాడు నీళ్ల వెంబడి తన మడిలోకి దిగాడు. నేను నీడలో కూర్చుని నా వంతు కోసం చూస్తూ ఉన్నాను.